ఆరోగ్యదండము: అద్భుతమునకు హద్దు

మానవుని చేతికి మొదట అందిన పనిముట్లలో కర్ర యొకటి. నడవలేనివానికి అది ఊత, దున్నువానికి ముల్లుగర్ర, పసులకాపరికి దుడ్డుకర్ర. బడిపంతులు పట్టిన బెత్తమగును. సన్న్యాసి పట్టిన దండమగును. రాజు పట్టిన రాజదండమగును. పట్టిన చేతిని బట్టి అది పేరును మార్చుకొనును, పనిని మార్చుకొనును. కథలలో దీనికి మరియొక పనియు పడినది. అది తాకినంతనే గాయమును మాన్పుట, రోగమును పోగొట్టుట. ఇట్టి ఆరోగ్యదండము గడచిన అర్ధశతాబ్దిలో అమెరికా, జపాను దేశములలో వృద్ధిపొందిన కొత్త కథాక్రీడలలో స్థిరమైన స్థానమును సంపాదించుకొన్నది.

ఆటలోని కర్రతో రచయితలకేమి పని యని పాఠకులు సందేహింపవచ్చును. పని కలదు. అద్భుతమును కథలోనికి తెచ్చిన ప్రతి రచయితయు ఎదుర్కొను చిక్కు ఒకటి యున్నది. ఏ గాయమునైనను మాన్పగల వస్తువును కథానాయకుని చేతికిచ్చిన మరుక్షణము శ్రోతకు భయము పోవును. భయము పోయిన చోట కథయు పోవును. ఇయ్యకపోయినచో అద్భుతమే లేదు. ఈ చిక్కును విడదీయుటకు ఆ క్రీడలను కల్పించినవారు ఏబది సంవత్సరములుగా నియమములను వ్రాయుచు, కొట్టివేయుచు, మరల వ్రాయుచున్నారు. వారి ప్రయత్నములన్నియు అచ్చుపుస్తకములలో సంవత్సరములతో సహా నిలిచియున్నవి. కథకుని సమస్య ఇంత స్పష్టముగా, అంకెలతో సహా పరీక్షకు నిలిచిన సందర్భములు అరుదు. అందుచేత ఆ దండమును గూర్చి కొంత వివరింప పూనుకొన్నాను.

ముందుగా ఆ క్రీడ ఎట్టిదో తెలిసికొనవలెను. 1974లో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, లేక్ జెనీవా అను చిన్న ఊరినుండి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను క్రీడ వెలువడినది. దానిని రచించినవారు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు. ఒక పెట్టెలో మూడు సన్నని పుస్తకములు. అంతియే దాని సరంజామా. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. వారిలో ఒకరు సూత్రధారి. ఆయన లోకమును వర్ణించును. మిగిలినవారు ఒక్కొక్క పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేయుచున్నదో చెప్పుదురు. ఫలితము సందేహమైన చోట పాచికలు వేయుదురు. కథ ముందుగా వ్రాసి యుండదు. నోటిమాటగా అప్పటికప్పుడు అల్లబడుచుండును. బుర్రకథలో వంతలు కథకుని మధ్యలో ఆపి ప్రశ్నించుట మనమెరుగుదుము. ఆ వంతలే కథ ఎటు పోవలెనో నిర్ణయించినచో ఎట్లుండునో ఈ క్రీడ అట్లుండును.

ఈ క్రీడలో ప్రాణమునకు ఒక అంకె కలదు. ప్రతి పాత్రకును ప్రాణబలము ఇంత యని కాగితముమీద వ్రాసికొందురు. కత్తివేటు తగిలినప్పుడు పాచిక వేసి, పడినంత తగ్గింతురు. తొలినాటి నియమములలో అది సున్నకు దిగినచో పాత్ర మరణించినట్లే. నెలల తరబడి తాను నడిపిన పాత్ర ఒక్క పాచికవేటుకు పోయినప్పుడు ఆటగాడు పొందు బాధ కల్పితము కాదు. మాన్పుట యనగా తగ్గిన అంకెను మరల పెంచుట. ఆ శక్తి ముఖ్యముగా క్లెరిక్ అను మతాచార్యపాత్రకు ఉండెడిది. అతడు పదునైన ఆయుధమును పట్టరాదు. దైవప్రార్థనయే అతని బలము. 1974 నాటి పుస్తకము ప్రకారము మొదటి అంతస్తులో అతనికి ఆ ప్రార్థనాబలమును లేదు. రెండవ అంతస్తునకు ఎక్కిన తరువాత చిన్నగాయములను మాన్పు ఒక్క ప్రార్థన దొరకును. దానివలన 2 మొదలు 7 వరకు ప్రాణబలము తిరిగి వచ్చును. దినమునకొక్కసారి చేయగల ఆ చిన్న ప్రార్థనతో చీకటిగుహలలోనికి దిగువారికి, నిధులలో ఎప్పుడో దొరకు ఆరోగ్యదండము ఎంత ఆశను పుట్టించునో ఊహింపవచ్చును.

అదే పుస్తకములో ఆ దండము ప్రక్కనే సర్పదండము అను మరియొకటి కలదు. మతాచార్యుడు ఆజ్ఞాపింపగా అది పామై శత్రువును చుట్టుకొని, పని ముగిసిన పిదప యజమానివద్దకు ప్రాకి వచ్చును. ఈ రెండును ఒకేచోట కనిపించుట చూచినవారికి, పాము, కర్ర, వైద్యము అను మూడింటిని పాశ్చాత్యులు ఎంతకాలమునుండి ముడివేసికొన్నారో స్ఫురించక మానదు.

గ్రీకుల వైద్యదేవత అస్క్లేపియుసు. ఎపిడారస్ క్షేత్రములోని ఆయన విగ్రహమును క్రీస్తు తరువాత రెండవ శతాబ్దిలో పాసనియసు అను యాత్రికుడు వర్ణించినాడు. దేవుడు ఆసీనుడై ఒక చేత కర్రను పట్టి, రెండవ చేతిని పాము తలపై ఉంచియున్నాడు. రోము నగరమున తెగులు వ్యాపించినప్పుడు, క్రీస్తు పూర్వము 291లో, ఆ దేవుని పామును ఓడలో తెచ్చి టైబరు నదిలోని దీవిలో ఆలయము నెలకొల్పినారని రోమనుల ఐతిహ్యము. ఒక కర్ర, దానిని చుట్టిన ఒక పాము: ఇదియే వైద్యచిహ్నమైనది. 1948లో ఏర్పడిన ప్రపంచ ఆరోగ్యసంస్థ ముద్రలో నేటికిని అదియే యున్నది. రెండు పాములును రెక్కలును గల కర్ర వేరు. అది వర్తకులకును దూతలకును దేవుడైన హెర్మీసుది. అమెరికా సైనిక వైద్యశాఖ 1902లో దీనిని తన చిహ్నముగా గ్రహించుటతో, ఆ దేశమున రెండును కలగాపులగమైనవి.

యూదుల గ్రంథములోని కథ మన విషయమునకు మరింత దగ్గరది. అహరోను కర్ర ఫరో యెదుట పామైన కథ అందరును ఎరిగినదే. సంఖ్యాకాండములో మరియొకటి కలదు. ఎడారిలో ప్రజలను పాములు కరచుచుండగా, మోషే ఒక ఇత్తడి సర్పమును చేయించి స్తంభముమీద నిలిపినాడు. దానివంక చూచినవారు బ్రతికినారు. ఈ కథకు చాలమంది మరచిన చివరి ఘట్టము రాజుల రెండవ గ్రంథమున ఉన్నది. కొన్ని శతాబ్దుల తరువాత ప్రజలు ఆ ఇత్తడి పామునకే ధూపము వేయుచుండగా, హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించినాడు. ప్రాణము నిలిపిన వస్తువునే పగులగొట్టవలసి వచ్చినది. అద్భుతవస్తువు హద్దు దాటినచో ఏమగునో ఆ ప్రాచీన కథకుడు ఎరుగును.

మన దేశమున వైద్యము కర్రను ఆశ్రయింపలేదు. ధన్వంతరి చేతిలో ఉన్నది అమృతకలశము. లక్ష్మణుని బ్రతికించినది ఓషధి. దానికొరకు హనుమంతుడు కొండనే పెకలించి తెచ్చినాడు. మనకు ప్రాణము పాత్రలోనో, ఆకులోనో, మంత్రములోనో ఉండును. దండము మనవారికి శాసనమునకు గుర్తు. యముని దండము, రాజుల దండనీతి అట్టివే. రామాయణ బాలకాండలో వసిష్ఠుడు పట్టిన బ్రహ్మదండము విశ్వామిత్రుని అస్త్రములన్నిటిని మ్రింగివేసినది. అయితే అది రక్షణయే గాని చికిత్స కాదు. పల్లెలలో దిష్టి తీయువారు, మంత్రము వేయువారు తలనుండి పాదములవరకు వేపమండలతో దిగదుడుచుట కలదు. మన నేలమీద ఆరోగ్యదండమునకు దగ్గరి చుట్టము ఆ వేపమండయే. అదియు ప్రతిసారి చెట్టునుండి క్రొత్తగా విరిచికొనవలసినదే గాని దాచిపెట్టుకొను నిధి కాదు.

వస్తువు వేరైనను చిక్కు ఒకటియే. దానిని మన మహాభారతము ఎంత చక్కగా విడదీసినదో కచుని కథ చెప్పును. నన్నయగారి ఆదిపర్వములో చదువుకొన్నవారికి ఇది క్రొత్త కాదు. శుక్రాచార్యునికి మృతసంజీవని విద్య కలదు. యుద్ధములో చచ్చిన రాక్షసులందరిని ఆయన లేపుచుండును. ఇంతవరకు అది కథ కాదు, లెక్క మాత్రమే. ఒక ప్రక్క తరుగులేదు, రెండవ ప్రక్క తరుగు కలదు. దేవతలు పంపగా బృహస్పతి కొడుకు కచుడు శిష్యుడై వచ్చినాడు. రాక్షసులు అతనిని చంపిరి. దేవయాని కోరగా గురువు బ్రతికించెను. మరల చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువుచేతనే త్రాగించిరి. ఇప్పుడు శిష్యుడు బ్రతుకవలెనన్నచో గురువు కడుపు చీలవలెను. విద్యకు హద్దు ఏర్పడిన ఆ క్షణముననే కథ పుట్టినది. గురువు తన కడుపులోని శిష్యునికి ఆ విద్యను ఉపదేశింపక తప్పలేదు. శిష్యుడు బయటికి వచ్చి గురువును బ్రతికింపక తప్పలేదు. సంజీవని ఒక్కటియే, దానికి కట్టిన కట్ట వలన కూతురి ప్రేమ, తండ్రి అహంకారము, శిష్యుని ధర్మము మూడును బయటపడినవి.

ఈ దృష్టితో క్రీడాకర్తలు కట్టిన కట్టలను చూతము. అవి ముఖ్యముగా అయిదు.

మొదటిది లెక్క. 1974 నాటి నియమము ప్రకారము దండమునకు 200 ప్రయోగములు. తరువాత అది వట్టి కర్ర. 1979లో గైగాక్సు వ్రాసిన 'డంజన్ మాస్టర్స్ గైడ్' అను పెద్ద గ్రంథములో దండముల శక్తి 25 ప్రయోగములకు, లేదా అంతకు కొంచెము తక్కువకు దిగినది. అందులోని చికిత్సాదండము రోగమును, గ్రుడ్డితనమును, గాయమును, ఉన్మాదమును పోగొట్టగలదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రయోగము ఖర్చు. ఇరువదియైదే యన్నప్పుడు ప్రతి ప్రయోగమును ఒక నిర్ణయమగును. నేడు ఈ గాయమును మాన్పుటయా, రేపటి పెద్ద గాయమునకు దాచుటయా? పాత్ర లోభియో దాతయో అక్కడ తేలును. ఆ కాలపు నియమములలో మందు మంత్రములు లేకుండ విశ్రాంతి తీసికొన్నచో దినమునకు ఒక్క అంకె చొప్పుననే ప్రాణబలము పెరిగెడిది. పూర్తిగా కోలుకొనుటకు వారముల కాలము పట్టెడిది. దండమునకు విలువ ఆ నిదానమైన కాలమువలన వచ్చినది.

రెండవది వంతు. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన ప్రారంభపుస్తకములో ఆరోగ్యదండమునకు ప్రయోగముల లెక్కయే లేదు; అది ఎన్నటికిని తరుగదు. కాని ఒక మనిషిని దినమునకు ఒక్కసారి మాత్రమే తాకవలెను. ఎందరినైనను మాన్పవచ్చును, ఎవరిని గాని రెండుసార్లు మాన్పరాదు. ఈ చిన్న నియమములో గొప్ప నీతి యిమిడి యున్నది. లెక్కపెట్టిన దండము యజమానిని పిసినారిని చేయును. వంతులు పెట్టిన దండము అతనిని ఊరి వైద్యుని చేయును. తెగులు తగిలిన ఊరిగుండ పోవు మతాచార్యుడు మొదటి దండము చేత నున్నచో తలుపు వేసికొనును. రెండవది చేత నున్నచో ప్రతి గుమ్మమువద్దను ఆగవలసినదే. ఆగకపోయినచో దానికి కారణము దండము కాదు, అతడే. నియమములో ఒక వాక్యము మారగా కథలోని మనిషి శీలమే పరీక్షకు వచ్చినది.

మూడవది వెల. 2000లో మూడవ ముద్రణము వెలువడినప్పుడు అద్భుతవస్తువులన్నిటికిని బంగారునాణెములలో ధర కట్టినారు. 2003 నాటి సవరణలో ఆరోగ్యదండము ధర 27,750 నాణెములు. దానిలో 50 ప్రయోగములు. గ్రుడ్డితనమును పోగొట్టుటకు 2, రోగమును పోగొట్టుటకు 3 ఖర్చగును. ఇంత ఖరీదైన దండముకంటె ఆటగాండ్రను ఆకర్షించినది మరియొకటి. చిన్నగాయములను మాన్పు ఒక పొట్టికోల 750 నాణెములకే లభించును. దానిలోను 50 ప్రయోగములే. అనగా ఒక్కొక్క ప్రయోగమునకు 15 నాణెములు. కొంత సొమ్ము కూడిన పాత్రలకు ఇది తాంబూలపు ఖర్చు. ఆటగాండ్రు అట్టి కోలలను ఒకటికి రెండు కొనిపెట్టుకొని, పోరు ముగిసిన ప్రతిసారి గాయపడినవానిని పదిసార్లు తాకి, అంకె నిండినదని వ్రాసికొని ముందుకు సాగుట వాడుకైనది. గాయము పోయినది, గాయపు కథయు పోయినది. నెత్తురు చిట్టాపద్దైనది. దుర్లభమైనదానికి ధర కట్టినంతనే అద్భుతము సరకగునని ఇంతకంటె చక్కగా చూపలేము.

నాలుగవది రోగి యొక్క సొంతబలము. 2008 నాటి నాలుగవ ముద్రణములో ప్రతి పాత్రకును దినమునకు ఇన్ని యని కోలుకొను శక్తులు ఏర్పరచినారు. వైద్యుడు మాన్పునది తన శక్తితో కాదు. చాలవరకు రోగిలోని ఆ శక్తిని మేల్కొల్పుటయే అతని పని. రోగిలోని నిలువ అయిపోయినచో వైద్యుని మంత్రములలో పెక్కింటికి ఫలము లేదు. ఈ ముద్రణమును మెచ్చినవారును మెచ్చనివారును ఉన్నారు. కాని మంచము ప్రక్కన కూర్చున్న ఏ వైద్యుడైనను ఒప్పుకొను సత్యము అందులో కలదు. మందు తోడ్పడును, కోలుకొనవలసినది శరీరమే.

అయిదవది ఉదయము, దానితోపాటు ఒక అపాయము. 2014 నాటి అయిదవ ముద్రణములో ఆరోగ్యదండమునకు 10 ప్రయోగములు. గాయము తీవ్రతను బట్టి ఒకటి మొదలు నాలుగు వరకు ఖర్చు చేయవచ్చును. ఒకేసారి పలువురిని మాన్పుటకు 5 కావలెను. అయిపోయినవానిలో 5 మొదలు 10 వరకు, పాచిక చెప్పినన్ని, మరునాటి తెల్లవారుజామున తిరిగి వచ్చును. ఆ దండమును ఎవరుబడితే వారు వాడజాలరు. మతాచార్యుడు గాని, గాయకుడు గాని, వనములను ఉపాసించువాడు గాని దానితో మనస్సు కలుపుకొనవలెను. ఇంతవరకు ఉదారమే. చివరి వాక్యములో ముల్లు ఉన్నది. కడపటి ప్రయోగమును కూడ వాడినచో ఇరువది ముఖముల పాచికను వేయవలెను. ఒకటి పడినచో దండము ఒక మెరుపుతో మాయమై మరి తిరిగిరాదు. తొమ్మిదవ ప్రయోగమువరకు నిర్భయము. పదవదానిలో ఇరువదింట ఒక పాలు సర్వనాశము. తెల్లవారుటకు ఒక గడియ యున్నది, స్నేహితుడు చావబోవుచున్నాడు, దండములో ఒక్కటే మిగిలినది. ఇంతకంటె రచయితకు కావలసినదేమి? అయితే ఇదే ముద్రణములో ఒక రాత్రి నిదురించి లేచినచో పోయిన ప్రాణబలమంతయు తిరిగివచ్చును. 1979లో వారములు పట్టినది ఎనిమిది గంటలకు దిగినది. దండమునకు కట్టిన కట్టను ఆ నిదుర చాలవరకు సడలించినది.

యంత్రములమీద ఆడు క్రీడలలో సూత్రధారి ఉండడు, నియమమే సూత్రధారి. కావున అక్కడ హద్దు మరింత కఠినముగానో, మరింత వింతగానో ఉండును. జపానులో 1987లో వెలువడిన 'ఫైనల్ ఫాంటసీ' మొదటి భాగములోని ఆరోగ్యదండమును యుద్ధములో ఎన్నిసార్లు ఎత్తినను బృందమంతటికిని కొంత ప్రాణము పోయును. అదే వరుసలో 1994 నాటి ఆరవ భాగములోని దండము తమాషైనది. దానితో కొట్టినచో తగిలినవానికి గాయము మానును. అనగా మిత్రుని బ్రతికించుటకు మిత్రునే కొట్టవలెను. పొరపాటున శత్రువును కొట్టినచో అతడు బలపడును. తల్లి బిడ్డ వీపుమీద చరచి ఎక్కిళ్లు మాన్పుట వంటిదిది. హాస్యముగా కనిపించినను, ఆయుధమునకును ఔషధమునకును నడుమ ఉన్న గీత ఎంత సన్ననిదో చూపును.

1990లో నింటెండో వారు వెలువరించిన 'ఫైర్ ఎంబ్లెమ్' అను యుద్ధక్రీడ ఇంకను గంభీరమైనది. అందులో పడిపోయిన సైనికుడు ప్రతి ఒక్కడును పేరుగలవాడు. చచ్చినచో మరి రాడు. మతాచార్యుల చేతి కర్రలు ఇన్నిసార్లని లెక్కపెట్టి యిచ్చినవి. చచ్చినవానిని లేపగల కర్ర కూడ ఒకటి కలదు. దాని పేరు ఓమ్. దానిని పట్టగలది కథానాయకుడైన మార్త్ రాజకుమారుని అక్క ఎలిస్ ఒక్కతెయే. ఇంతమంది చావులలో ఎవరిని వెనుకకు పిలువవలెను? ఆటగాడు సమాధానము చెప్పుకొనవలసినది యంత్రమునకు కాదు, తనకే. ఆ మొదటి క్రీడలో మరియొక విశేషము కలదు. కత్తి పట్టినవాడు పోరాడుటవలన అనుభవము గడించి పై అంతస్తునకు పోవును. కర్ర పట్టినవానికి మాన్పుటవలన అనుభవము రాదు. శత్రువు కొట్టగా ఓర్చుకొన్నప్పుడే వచ్చును. తరువాతి భాగములలో దీనిని సవరించినారు. సేవను లెక్కలోనికి తీసికొనుట నేర్చుటకు క్రీడాలోకమునకును కొంత కాలము పట్టినది.

ఇక్కడ ఊతకర్రను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. దండము పొడుగుది, మాన్పును. చేతికర్ర పొట్టిది, మాన్పదు, నిలుపును. ఏ లోపమునైనను తాకి పోగొట్టు దండము కలదన్నచో, ఆ లోకములో కుంటివాడు, గ్రుడ్డివాడు ఎట్లు ఉందురు? ఈ ప్రశ్నను అంగవైకల్యము గల ఆటగాండ్రే లేవనెత్తినారు. మా వంటివారు కథలోనికి రావలెనన్నచో ముందు స్వస్థులమై రావలెనా యని వారి ప్రశ్న. 2020లో అయిదవ ముద్రణమునకు అనుబంధముగా యుద్ధమునకు తగిన చక్రాలకుర్చీ నియమములను ఒక క్రీడారచయిత వ్రాసి పంచగా, దానిని గూర్చి పెద్ద వాదము నడచినది. మంత్రమున్న లోకములో కుర్చీ ఎందుకని కొందరు అడిగినారు. సాహసికులందరును ఒకే తీరుగా నడవవలెనని ఏ శాస్త్రము చెప్పినదని మరికొందరు అడిగినారు. మన కథలలో ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అష్టావక్రుడు ఎనిమిది వంకరలతోనే జనకుని సభలో వాదమును గెలిచినాడు. గెలుచుటకు ముందు ఆయనను ఎవరును చక్కచేయలేదు. దండమునకు చివరి హద్దు ఇది కావచ్చును: మాన్పవలసినదేదో, మాన్పనక్కరలేనిదేదో తెలియుట.

ఈ వస్తువులు తెలుగు బాలసాహిత్యములోనికి, అనువాదములలోనికి వచ్చునప్పుడు పేర్లను గూర్చియు కొంచెము శ్రద్ధ కావలెను. స్టాఫ్, రాడ్, వాండ్, కేన్ అను నాలుగింటికిని మంత్రదండమను ఒక్కమాటనే వాడుట మన అలవాటైనది. ఆ క్రీడలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క కొలత, ఒక్కొక్క నియమము కలదు. మనిషియెత్తు గలదానిని దండమనవచ్చును. దానికంటె పొట్టిదై, అధికారచిహ్నమువలె బరువుగా ఉండుదానికి గద్దెకోల యని పేరు పెట్టుకొనవచ్చును. చేరెడు పొడవున సన్నగా ఉండునది మంత్రపుకోల. ఊతగా పట్టునది చేతికర్ర. మనకు మాటల కరవు లేదు. కర్రలను వేరుచేసి చూచు ఓపికయే కావలెను.

ఈ అయిదు కట్టలను కలిపి చూచినచో ఒక విషయము తేటపడును. లెక్క కట్టిన దండము త్యాగమును పరీక్షించును. వంతు పెట్టిన దండము దయను పరీక్షించును. రోగిబలముమీద ఆధారపడినది వైద్యుని వినయమును, ఉదయముకొరకు నిలిచినది ధైర్యమును పరీక్షించును. వెల కట్టినది మాత్రము దేనిని పరీక్షింపదు. దానికి కావలసినది సంచిలోని సొమ్మే. క్రీడాకర్తలు ఏబదియేండ్లలో తెలిసికొన్నది ఇదియే. శక్తి ఎంత యనునది కథకు ముఖ్యము కాదు. ఆ శక్తి ఎక్కడ ఆగును, ఆగినచోట ఎవరు నిలుచుందురు అనునదియే ముఖ్యము. దీనిని మన పూర్వులు పాచికలు లేకుండనే కనిపెట్టినారు. శుక్రుని విద్య ఆయన కడుపువద్ద ఆగినది. అక్కడ ఒక శిష్యుడు నిలిచినాడు.

నేడు ఏ తెలుగు రచయితయైనను తన కథలోని మాంత్రికునిచేతిలో ఆరోగ్యదండమును పెట్టదలచినచో, దాని చెక్కడములను, మణులను వర్ణించుటకు ముందు ఒక చిన్న కాగితముమీద మూడు వాక్యములు వ్రాసికొనుట మంచిది. ఇది ఎవరికి పనిచేయదు? ఎప్పుడు పనిచేయదు? పనిచేసినప్పుడు పట్టినవానికి అయ్యెడి నష్టమేమి? ఈ మూడింటికి సమాధానము దొరికిన దినమున ఆ కర్ర చిగురించును. దొరకనంతవరకు అది పొయ్యిలోనికే పనికివచ్చును.